మా వాడి పాటలకు అమ్మమ్మ పెట్టిన పేర్లు

మా అబ్బాయికి పదిహేనేళ్లు. డల్లాస్‌లో పుట్టి పెరిగాడు. వాడు వినే హిప్ హాప్ అంటే చాలాకాలం నాకు భయంగా ఉండేది. కారులో పాట మొదలై ఒక్క బూతు మాట చెవిన పడగానే ఆపెయ్యమనేదాన్ని. వాడు మాట్లాడకుండా ఆపేసి ఇయర్‌ఫోన్స్ పెట్టుకునేవాడు. అలా రెండేళ్లు గడిచాయి. వాడికి ప్రాణమైన పాటల్లో ఏముందో నాకు తెలియలేదు.

ఈ వేసవిలో విజయవాడ వెళ్లాం, సత్యనారాయణపురంలో మా అమ్మ దగ్గరికి. ఇప్పుడు ఘంటసాల గారి పేరుతో ఉన్న సంగీత కళాశాలలో అమ్మ ఒకప్పుడు గాత్రం నేర్చుకుంది. ఒక రాత్రి కరెంటు పోతే మేడ మీద చాపలు పరుచుకున్నాం. "రోజంతా చెవుల్లో ఏం పెట్టుకుని వింటావురా నాన్నా? నాకూ వినిపించు" అంది అమ్మ. వాడు నా వైపు చూశాడు. నేనేమంటానో ముందే తెలిసిన చూపు అది. "పెట్టు" అన్నాను.

చప్పుడు పెరగాలని ఫోన్‌ను స్టీలు గ్లాసులో నిలబెట్టాడు. రెండు నిమిషాలకే, "ఇందులో బేస్ రాదు అమ్మమ్మా, సగం పాట పోతోంది" అని ఇయర్‌ఫోన్స్ ఇచ్చాడు. అమ్మ గుండె మీద చెయ్యి వేసుకుంది. 1980లో వచ్చిన రోలాండ్ టీఆర్-808 అనే డ్రమ్ మెషిన్ నుంచి పుట్టిన శబ్దమట, గుండెల్లో మోగే ఆ బేస్. ఇప్పటికీ దాన్ని ఎయిట్-ఓ-ఎయిట్ అనే అంటారని చెప్పాడు.

అమ్మకి ఆ ఇంగ్లీషు ఒక్క ముక్క అర్థం కాదు. కానీ పాట అయ్యాక, "తాళం నాలుగు ఆవర్తాలు తిరిగేదాకా గుక్క తిప్పుకోకుండా పాడాడు. తర్వాత తాళం నడుస్తుండగానే తను ఆగిపోయాడు. అక్కడేముంది?" అని అడిగింది. వాడు కాసేపు మాట్లాడలేదు. చనిపోయిన స్నేహితుడి పేరు వచ్చేది అక్కడేనట. అమ్మ ఆ చోటు మళ్లీ మళ్లీ పెట్టించుకుంది. "కోపంలా వినిపిస్తోంది గానీ ఇది ఉక్రోషంరా" అంది.

వాడికి ఆ మాట తెలియదు. ఎదుటివాణ్ణి ఏమీ చెయ్యలేక, కళ్లలో నీళ్లు తిరుగుతుంటే వచ్చే కోపం అని చెప్పింది. వాడు ఆ మాటను రెండుసార్లు పలికి చూసుకున్నాడు. ఇంట్లో నేను వాడికి తెలుగులో అన్నం, స్నానం, హోంవర్క్ నేర్పాను. మనసుకు సంబంధించినవి బాధ, కోపం, సంతోషం దగ్గరే ఆగిపోయాయి. ఆ రాత్రి అమ్మ వరసగా ఇచ్చింది: దిగులు, బెంగ, అలక, కసి. మనిషి దగ్గర లేక జ్వరం తెచ్చుకునేదాకా పోతే బెంగ. కారణం చెప్పలేకుండా సాయంత్రాలు కమ్ముకునేది దిగులు. ప్రతి మాటకీ వాడు ఫోన్‌లో ఒక పాట వెతికాడు. పెళ్లి బ్యాండులా హుషారుగా ఉన్న పాప్ పాట ఒకటి పెడితే, "పైకి గెంతుతోంది గానీ దిగులుగా ఉంది పిల్ల" అంది అమ్మ. అది విడిపోయిన అమ్మాయి పాటే. ఆ పాట స్వరాలు మెల్లగా పాడి చూసి, నటభైరవి రాగం అంది. పాశ్చాత్య సంగీతంలో మైనర్ స్కేల్ అనేవి ఆ స్వరాలే.

అన్నీ ఆమెకు నచ్చలేదు. డబ్బు, కార్ల గురించే సాగిన పాట ఒకటి విని, "గొప్పలు తప్ప మనసు లేదు" అనేసింది. చేతిలో ఏమీ లేనివాడే అంత గట్టిగా చెప్పుకుంటాడని మావాడు వాదించాడు. ఆ విషయంలో నేను వాడి వైపే.

అమ్మది గుంటూరు దగ్గర పల్లె. పొన్నెకల్లు నాజర్ గారి బుర్రకథ చిన్నతనంలో చూసింది. కథకుడు తంబురా మీటుతూ కథ నడపడం, పక్కన ఇద్దరు వంతలు గుమ్మెట వాయిస్తూ తందాన తాన అనడం చేతులతో చేసి చూపించింది. "మా ర్యాపర్ల వెనక అరిచేవాళ్లు కూడా వంతలేనన్నమాట" అన్నాడు వాడు. 1973 ఆగస్టు 11న న్యూయార్క్ బ్రాంక్స్‌లో, చెల్లెలి కోసం పెట్టిన పార్టీలో డీజే కూల్ హర్క్ రికార్డులు తిప్పడంతో హిప్ హాప్ మొదలైందంటారని చెప్పాడు. హర్క్‌కి అప్పుడు పద్దెనిమిదేళ్లు, చిన్నప్పుడే జమైకా నుంచి వచ్చినవాడు. ఆ సంగతి చెప్పేటప్పుడు మావాడి గొంతులో తన సొంతవాళ్ల గురించి చెబుతున్న గర్వం ఉంది. వలస వచ్చిన ఇంటి పిల్లాడు కదా వీడూ.

మర్నాడు అమ్మ కరుణశ్రీ పుష్పవిలాపం పెట్టింది, ఘంటసాల గొంతులో. కొయ్యడానికి వచ్చిన మనిషితో పూలు మొరపెట్టుకునే ఆ పద్యాల అర్థం నేను కొంచెం కొంచెంగా చెప్పాను. వాడు పట్టుకున్నది వేరే. "పాట మధ్యలో మాట్లాడుతున్నాడు, అప్పుడు గొంతు తగ్గిస్తున్నాడు. ఏడుపు ఆపుకుంటున్నాడు కదా?" అన్నాడు. ఎన్నేళ్లుగా విన్నానో ఆ పద్యాలు, ఆ గొంతు తగ్గడం నేనెప్పుడూ గమనించలేదు.

ఇప్పుడు డల్లాస్ వచ్చేశాం. కారులో పాట ఆపమనడం మానేశాను. మాటలు ఇబ్బందిగా ఉంటే ఇది ఎవరి మీద కోపం అని అడుగుతున్నాను, చెబుతున్నాడు. ఆదివారం ఆదివారం అమ్మమ్మకి వాట్సాప్‌లో ఒక పాట పంపి వాయిస్ మెసేజ్ పెడతాడు. మొన్నటిది నాకు వినిపించాడు: "అమ్మమ్మా, ఇది ఉక్రోషం. రెండో నిమిషం దగ్గర విను."

సాయంత్రానికి జవాబు వచ్చింది. "మూడుసార్లు విన్నాను నాన్నా. బెంగ."