పదకొండు కిలోల నవలలు

దసరా సెలవుల్లో మా చిన్నది చర్చివాళ్ళు పెట్టిన మూడు రోజుల యూత్ రిట్రీట్‌కి వెళ్ళొచ్చింది. వచ్చిన రాత్రి సంచి కూడా విప్పకుండా మంచం మీద బాసింపట్టు వేసుక్కూర్చుని ఫోన్లో పాటలు ఒక్కొక్కటీ తీసేస్తోంది. "లోక పాటలన్నీ డిలీట్ చేస్తామని అందరం చేతులెత్తామమ్మా" అంది. నేను పప్పుకి తిరగమోత పెడుతున్నా, ఏమీ అనలేదు. కాసేపటికి వంటింటి గుమ్మం దగ్గరికొచ్చి నిలబడింది. "అమ్మా, ఇళయరాజా కూడా లోకమేనా?"

పద్నాలుగేళ్ళ పిల్ల. గొంతు బొంగురుపోయి ఉంది.

క్రైస్తవ సంఘంలో పెరగనివాళ్ళకి ఈ "లోక పాటలు" అన్న మాట వింతగా ఉంటుంది. సినిమా పాట, జానపదం, లలిత సంగీతం, యేసు పేరు లేనిది ఏదైనా సరే లోకమే. "ఈ లోకమునైనను లోకములో ఉన్నవాటినైనను ప్రేమింపకుడి" అని బైబిల్లో మొదటి యోహాను పత్రికలో ఉన్న మాట దీనికి ఆధారం. ఆ వాక్యం నాకూ కంఠతా వచ్చు. 1997లో ఆ ఒక్క వాక్యంతో మా ఇంట్లో పుస్తకాలన్నీ ఖాళీ చేసినదాన్ని నేను.

మాది గుంటూరు జిల్లా, లూథరన్ కుటుంబం. చంటిపిల్లప్పుడే నాకు బాప్తిస్మం అయిపోయింది. పంతొమ్మిదేళ్ళప్పుడు స్నేహితురాలితో వేరే క్రైస్తవ సహవాసానికి వెళ్ళడం మొదలుపెట్టి, మా ఊరి కాలవలో మళ్ళీ ముంచుడు బాప్తిస్మం తీసుకున్నా. నాన్న ఆ రోజు అన్నం తినలేదు. ఆ వారంలోనే ఇంట్లో ఉన్న నవలలన్నీ గోతాంలో వేసి పాత పేపర్లవాడిని పిలిచా. అందులో సగం అమ్మవి. వారపత్రికల్లోంచి సీరియల్ పేజీలు వారంవారం చించి, దబ్బనంతో కుట్టి, అట్ట వేసుకున్న పుస్తకాలు. త్రాసు మీద పదకొండు కిలోలు తూగాయి. కిలో మూడు రూపాయలు. ఆ ముప్పై మూడు రూపాయలూ ఆదివారం కానుక సంచిలో వేసి, పెద్ద త్యాగం చేసినట్టు కళ్ళు మూసుకుని కూర్చున్నా. అమ్మ పుస్తకాలు అమ్మి నేను కానుక వేయడమేమిటన్న ఆలోచన అప్పుడు తట్టనేలేదు.

తర్వాత ఏడెనిమిదేళ్ళు క్రైస్తవ కథలే చదివాను. దేవుడు తమని ఎలా మార్చాడో చెప్పుకునే సాక్ష్యాల పుస్తకాలు, సంఘ పత్రికల్లో వచ్చే కథలు, అనువాదాలు. నిజం చెప్పాలంటే వాటిలో మంచివి లేకపోలేదు. 'యాత్రికుని ప్రయాణం'లో సందేహాల కోటలో బందీ అయిన యాత్రికుడికి, తాళంచెవి ఇంతసేపూ తన రొమ్ము దగ్గరే ఉందని గుర్తొచ్చే చోటు ఇప్పటికీ నాకు ఒళ్ళు జలదరిస్తుంది. కానీ మనవాళ్ళు రాసే కథల్లో తాగుబోతు ఎప్పుడూ చివరి పేజీలో మోకాళ్ళూనతాడు. మా బాబాయి కూడా మోకాళ్ళూనాడు, ఒకసారి కాదు, మూడుసార్లు. ప్రతి ఏడూ విశ్వాసం రగిలించే ఉజ్జీవ కూటాల్లో ఏడ్చేవాడు, పండక్కి మళ్ళీ బ్రాందీ షాపు ముందు కనపడేవాడు. అలాంటి మనిషిని ఏం చేయాలో ఆ కథలు చెప్పలేదు. ఆయన కథ చివరి పేజీ దాకా రావట్లేదని నాకు కోపం కూడా వచ్చేది.

ఒకసారి బస్‌స్టాండులో మూడు గంటలు ఎదురుచూడాల్సి వచ్చి, పక్కావిడ దగ్గర ఒక నవల అడిగి తీసుకున్నా. పేరు చెప్పను, దేవుడి మాటే ఎక్కడా లేని నవల. అందులో ఒకామె తాగొచ్చిన మొగుడిని నోటికొచ్చినట్టు తిట్టి, తిడుతూనే పళ్ళెం కడిగి అన్నం పెట్టి, చారులో ఉప్పు సరిపోయిందా అని అడుగుతుంది. అంతే. అతను మారడు. ఆ పేజీ దగ్గర నా బస్సు వచ్చింది. తర్వాత నెలలో బాబాయి గుంటూరు ఆసుపత్రిలో ఉంటే, బైబిల్ వాక్యం చెప్పకుండా చారన్నం పట్టుకెళ్ళా. మొదటిసారి ఆయన నాతో పది నిమిషాలు మాట్లాడాడు, చాలావరకు చిన్నప్పటి ఈతల గురించి.

ఇక పాటల సంగతి. నాన్న చర్చిలో హార్మోనియం వాయించేవారు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం చూసినవాళ్ళకి తెలుసు, కీర్తన పైన రాగం, తాళం రాసి ఉంటాయి. పంతొమ్మిదో శతాబ్దంలో పురుషోత్తమ చౌదరి గారు క్రీస్తు మీద కీర్తనలు కట్టినప్పుడు, తనకి తెలిసిన రాగాలే తీసుకున్నారు. నాన్న పొద్దున్నే విజయవాడ రేడియోలో భక్తిరంజని పెట్టుకునేవారు. త్యాగరాజ కీర్తన వస్తే ఆ రాగం పట్టుకుని అదే రాగంలో మన కీర్తన వాయించుకునేవారు. కాలవ బాప్తిస్మం వేడిలో నేనొకసారి రేడియో కట్టేశా. ఆయన హార్మోనియం తిత్తి మీంచి చెయ్యి తీయకుండానే, "రాగానికి బాప్తిస్మం ఎవరిచ్చారే?" అన్నారు.

బాలు, సుశీల, జానకి పాడిన క్రైస్తవ పాటలు మన ఇళ్ళల్లో ఎన్ని లేవు? అవే గొంతులు సినిమాకి పాడితే లోకమంటాం. మా చిన్నది రిట్రీట్ వీడియో చూపించింది. స్టేజీ మీద ఆరాధన పాటకి వాయిస్తున్న బీటు ఏ సినిమాదో తనే కనిపెట్టి నవ్వేసింది, వెంటనే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

మా కవి జాషువా గారి సంగతి నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. వినుకొండలో పుట్టిన క్రైస్తవుడు. 'క్రీస్తు చరిత్ర'కి 1964లో సాహిత్య అకాడెమీ అవార్డు వచ్చింది, దాన్ని ఏ గోతాంలోనూ వేయక్కర్లేదు. మరి 1941 నాటి 'గబ్బిలం'? గుడిలోకి రానివ్వని మనిషి తన గోడు శివుడికి చెప్పమని గబ్బిలాన్ని పంపుతాడు. తలకిందులుగా వేలాడేటప్పుడు శివుడి చెవి నీకు దగ్గరగా ఉంటుంది, పూజారి లేని వేళ చూసి చెప్పు అంటాడు. రాసినవాడు మనవాడు, మొర వినాల్సింది శివుడు, బాధ మా తాతలది. పంతొమ్మిదేళ్ళ వయసులో ఆ పుస్తకం ఇంట్లో ఉంటే కిలో మూడు రూపాయలకి తూచేసేదాన్నే.

అలాగని అన్నీ వింటానని కాదు. ఆడదాన్ని సరుకులా చూసే పాట ఆటోలో వస్తే ఆపమని అడుగుతా. దేవుడు కారు ఇస్తాడు, ఇల్లిస్తాడు, వీసా ఇస్తాడు అనే దీవెన పాటలు వచ్చినా ఆపేస్తా, మా ఆయనకి అదే చిరాకు. గుడ్ ఫ్రైడే రోజు సువార్త తప్ప ఇంకోటి చదవబుద్ధి కాదు. దీనికి లెక్కంటూ ఏమీ లేదు.

చిన్నదానితో మాత్రం ఇంతే అన్నా: "చెయ్యెత్తింది నువ్వు, మాట నీది. తీసేసే ముందు ఒక్కోటీ చివరిదాకా విను." రాత్రి పదకొండింటికి కూడా దాని గదిలో లైటు వెలుగుతూనే ఉంది.

మర్నాడు అమ్మకి ఫోన్ చేసి ఇదంతా చెప్పా. అమ్మ నవ్వి, "ఆ రోజు పేపర్లవాడి దగ్గర ఒకటి వెనక్కి తీసుకున్నాలే" అంది. పచ్చడి జాడీ మీద మూతకని అడిగి తీసుకుందట. బియ్యం డ్రమ్ము వెనకాల దాచుకుని, నేను కూటాలకి వెళ్ళినప్పుడు చదువుకునేదట.

"అయితే చివరి రెండు వారాలవీ అందులో లేవే. మొదట్నించీ లేవు, అప్పుడు పత్రిక దొరకలేదు. ఇప్పుడు ఫోన్లలో అన్నీ ఉంటాయంటారుగా, చిన్నదాన్ని కాస్త వెతకమను. ఆ పిల్ల పుట్టింటికి వెళ్ళిపోయిందో, మొగుడి దగ్గరే ఉండిపోయిందో తెలీక చస్తున్నా."