అంబపువాలో మెస్సు, రెండు కార్తీకాలు: నా అనుభవం

ఒడిశాలోని బరంపురం ఊళ్లో ఉండేవాళ్లకి ఈ మెస్సు తిండి గొడవ పట్టదు. బడా బజారు, గేట్ బజారు చుట్టుపక్కల ఇల్లు దొరికితే పొద్దున్న ఇడ్లీ నుంచి రాత్రి చపాతీ వరకూ అన్నీ నాలుగడుగుల్లోనే. నేను రాసేది శివారు సంగతి, అక్కడి మెస్సులో మన కార్తీకానికీ ఒడియావాళ్ల కార్తీకానికీ మధ్య నేను పడ్డ తంటా. ట్రాన్స్‌ఫర్ మీద వచ్చి, ఆఫీసుకి దగ్గరని అంబపువా వైపు ఇల్లు తీసుకున్నాను. పిల్లల చదువుల వల్ల ఇంట్లోవాళ్లు శ్రీకాకుళంలోనే ఉన్నారు. కనక తిండి బయటే.

ఇల్లు సులువుగానే దొరికింది. గ్యాసూ అంతే. పాత ఏజెన్సీలో సిలిండరు, రెగ్యులేటరు అప్పగించి, డిపాజిట్టు వెనక్కి తీసుకుని, ట్రాన్స్‌ఫర్ కాయితం పట్టుకొస్తే ఇక్కడ కొత్త డిపాజిట్టు కట్టించుకుని ఇచ్చేస్తారు. నేను కట్టినప్పుడు 14.2 కిలోల సిలిండరుకి 2,200 రూపాయలు, రెగ్యులేటరుకి 250. మీ పాత డిపాజిట్టు ఏ పదిహేనేళ్ల కిందటిదో అయితే వెనక్కొచ్చేది దానికి ఆమడ దూరంలో ఉంటుంది, దానికి ఏజెన్సీ వాడితో దెబ్బలాడి లాభం లేదు.

పొద్దున్న టిఫిను గురించి దిగులక్కర్లేదు. కాలేజీల వైపు వెళ్లే రోడ్డు మీద తెల్లారేసరికే బళ్లు పెట్టేస్తారు. ఇడ్లీ, బరా (మన వడ), పూరీ, ఉప్మా, చావుల బరా. మనవైపు నుంచి వచ్చినవాళ్లు మొదట తెలుసుకోవాల్సింది, ఇక్కడ ఇడ్లీ మీదా బరా మీదా అడక్కుండానే ఘుగుని, అంటే ఎండు బఠాణీ కూర, పోసేస్తారు. పొడిగా కావాలంటే దొప్పలో పెట్టకముందే చెప్పాలి, పోశాక చెబితే మొహం మాడ్చుకుంటారు. చావుల బరా బియ్యం ఎక్కువ, మినప్పప్పు తక్కువ వేసి రుబ్బి నూనెలో వేసేది. మూకుట్లోంచి తీసిన అయిదు నిమిషాల్లో తింటే పైన కరకర, లోపల మెత్తన. పళ్లెంలో గుట్టగా పోసి ఉన్నవాటి జోలికి వెళ్లకండి, సాగుతాయి. కొత్త వాయి ఎప్పుడు దింపుతాడో అడిగి నిలబడండి.

బండి మంచిదో కాదో చెప్పేది ఘుగునియే. రాత్రి నానబెట్టిన ఎండు బఠాణీ తీరిగ్గా ఉడికితే గింజ గింజగానే ఉంటుంది, వేలితో నొక్కితే పిండవుతుంది. నానబెట్టడం మరిచిపోయి పొద్దున్న సోడా వేసి ఉడికించినవాడి దగ్గర తొక్కలు విడిగా తేలుతుంటాయి, నాలిక మీద సబ్బు రుచి తగులుతుంది. ఆ బండికి మళ్లీ వెళ్లకండి, అలవాటు ఒక్కరోజుతో పోయేది కాదు. తొమ్మిదిన్నర దాటితే ఏ బండి దగ్గరా అడుగు మిగలదు. ఆదివారం ఇంకా ముందే.

సాయంత్రం గుప్‌చుప్ (పానీపూరీ), పియాజీ (ఉల్లి పకోడీ), ఆలూ చాప్, ముఢీలో (మరమరాల్లో) ఘుగుని కలిపి ఇచ్చేవాళ్లు. ఇందులో నేర్చుకునేదేం లేదు. గుప్‌చుప్ నీళ్లు ఏ బిందెలోంచి ముంచుతున్నాడో చూడండి చాలు.

మధ్యాహ్న భోజనం దగ్గరే మనవాళ్లు తడబడతారు. ‘ఆంధ్రా మీల్స్’ అని బోర్డు చూసి పరిగెత్తేవాళ్లకి నా సలహా, పరిగెత్తకండి. శివారులో నేను తిన్న ఆ రకం హోటళ్లలో సాంబారు తియ్యగా ఉంది, గోంగూర పేరుతో పాలకూర పెట్టారు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడేదాకా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న ఊరిది, తెలుగు వంట ఇళ్లల్లో భేషుగ్గా ఉంది, బోర్డుల కింద లేదు. ఒడియా భోజనమే తినండి. అన్నం ఉసునా, అంటే మన ఉప్పుడు బియ్యం. శ్రీకాకుళం వైపు పెద్దవాళ్లకి ఇది కొత్తేం కాదు, సోనా మసూరి మరిగిన నాలికలకే కష్టం. అరువా, అంటే పచ్చిబియ్యం అన్నం కావాలంటే కొన్ని మెస్సుల్లో విడిగా వండుతారు, ముందురోజే చెప్పాలి.

దాల్మా బాగుంటే ఆ మెస్సులో మిగతావీ బాగుంటాయి. కందిపప్పులో పచ్చి బొప్పాయి, గుమ్మడి, వంకాయ, అరటికాయ, ములక్కాడ ముక్కలు పెద్దవిగా కోసి పప్పుతో పాటే ఉడికించి, జీలకర్ర, ఆవాలు, సోంపు, మెంతులు, నల్ల జీలకర్ర కలిపిన పోపు పెట్టి, దించే ముందు వేయించిన జీలకర్ర-ఎండుమిర్చి పొడి చల్లుతారు. ఆ పొడి చివర్లో పడాలి. ముందే వేసి మరిగిస్తే వాసన పోయి చేదు మిగులుతుంది. బొప్పాయి ముక్క కరగకుండా, గుమ్మడి అంచులు మాత్రం కరిగి పప్పుని చిక్కబరిస్తే వంటమనిషికి చెయ్యి తిరిగినట్టే. ముక్కలన్నీ మాయమై పసుపు నీళ్లు మిగిలితే అది నిన్నటిది.

ఇక మెస్సు. ఈ రాతంతా దాని కోసమే.

సెప్టెంబరు గడిచింది. అక్టోబరు ఒకటిన ఒక మెస్సులో నెల డబ్బు కట్టాను. పేరు రాయను, ఆ వీధిలో అందరికీ తెలుసు. రెండు పూటలకి కలిపి శాకాహారం 3,000, నీచు ఉంటే 3,900. నీచు బుధ, శుక్ర, ఆదివారాల్లో. సోమవారం శివుడిది, గురువారం లక్ష్మిది, శనివారం హనుమంతుడిది కనక ఆ రోజుల్లో ఇక్కడ చాలామంది ముట్టరు, మెస్సులూ వండవు. ఇంతవరకూ అర్థమైంది. 3,900 కట్టి కూపన్లు తీసుకున్నాను. గోడ మీద ఒడియాలో పది షరతులున్నాయి. నాకు ఒడియా చదవడం బాగానే వచ్చు, పదీ చదివాను. కార్తీకం మాట ఒక్కదాంట్లోనూ లేదు.

మొదటి వారం దాటి కుమార పూర్ణిమ వెళ్లింది. బుధవారం కంచంలో పనీరు. శుక్రవారం సోయా ఉండలు. ఆదివారం మళ్లీ పనీరు. కనీసం గుడ్డు కూరైనా ఉందా అని అడిగాను. యజమాని గరిటె పట్టుకునే గట్టిగా అన్నాడు, అందరికీ వినపడేలా: “ఏం బాబూ, మీ తెలుగోళ్లకి కార్తీకం లేదా?”

బల్లకి అటూ ఇటూ ఉన్న కుర్రాళ్లు తలలు ఎత్తారు. “మాకు దీపావళి వెళ్లాక మొదలవుతుంది మౌసా” అన్నాను. “దేవుడికి రెండు కేలండర్లా?” అన్నాడు. బల్లంతా నవ్వింది. నీచు కోసం కార్తీకాన్నే వెనక్కి జరిపినవాడి కింద జమకట్టేశారు నన్ను.

రెండు కేలండర్లే మరి. మనకి నెల అమావాస్యతో ముగుస్తుంది, ఒడియావాళ్ల వ్రతాల నెల పూర్ణిమతో ముగుస్తుంది. కాబట్టి ఆశ్వయుజ పూర్ణిమ, వాళ్ల కుమార పూర్ణిమ, వెళ్లిన మర్నాడే వాళ్లకి కార్తీకం వచ్చేస్తుంది. మనకి అది ఇంకా ఆశ్వయుజ బహుళం, దీపావళి రావాలి. శుక్లపక్షం మాత్రమే ఇద్దరికీ కార్తీకం. కార్తీక పూర్ణిమతో వాళ్లది అయిపోతుంది, మనది ఆ తర్వాతి అమావాస్య దాకా సాగి, పోలి పాడ్యమి నాడు దీపాలు వదలడంతో తీరుతుంది. 2025లో మనది అక్టోబరు 22 నుంచి నవంబరు 20 వరకు. వాళ్లది నవంబరు 5తో సరి. రెండూ పాటించే ఇంట్లో ఉన్నా, ఒకటి పాటిస్తూ రెండోదాని వంటింట్లో తిన్నా, లెక్క ఒకటే. నెల కాదు, నెలన్నర.

ఈ నెలలో శివారు ఎలా మారుతుందో చెబుతాను. మెస్సులు గుడ్డు కూడా మానేస్తాయి. హాస్టళ్ల దగ్గరి బిర్యానీ దుకాణాలు, జాతీయ రహదారి 16 మీది ధాబాలు మాత్రం నడుస్తాయి. చివరి అయిదు రోజులు పంచుక. ఆ రోజుల్లో కొంగ కూడా చేపని ముట్టదని ఇక్కడివాళ్లు అంటారు. అప్పటిదాకా తిన్నవాళ్లూ అప్పుడు మానేస్తారు, చాలాచోట్ల ఉల్లీ వెల్లుల్లీ కూడా పోతాయి. ఘుగునిలో ఉల్లి బదులు అల్లం, కొబ్బరి ముక్కలు పడతాయి (నిజానికి నాకు ఆ ఘుగునియే నచ్చింది). ధాబాలో కోడి అడిగితే దొరుకుతుంది గానీ బేరం లేని రోజులవి, సరుకు ఫ్రీజర్‌లోదై ఉండొచ్చు. ఎముక కొస, దాని చుట్టూ మాంసం నల్లగా ఉంటే దాదాపు అదే.

నేను దీపావళి మర్నాటి దాకా ధాబాలో విడిగా డబ్బు పెట్టి తిన్నాను, మెస్సుకి నీచు రేటు కట్టి మరీ. తేడా 900 వెనక్కివ్వమంటే, పనీరు కోడి కన్నా ఖరీదన్నాడు. ఆ పనీరు ముక్కలు ఎంతున్నాయో తిన్నవాళ్లకి తెలుసు. అక్టోబరు 22 నుంచి ఇద్దరి కార్తీకం కలిసింది, పూర్ణిమ దాకా మాకు పేచీ లేదు. నవంబరు డబ్బు శాకాహారం రేటుకే కట్టాను.

పూర్ణిమ మర్నాడు ఛాడఖాయి. నెల్లాళ్లు మానేసినవాళ్లంతా ఆ రోజు మాంసం మీద పడతారు. తెల్లవారుజామునుంచే మాంసం దుకాణాల దగ్గర వరస. ఇంట్లో వండుకునేవాళ్లు ముందురోజే దుకాణంలో చెప్పి ఉంచుకోవాలి, తూకం దగ్గర నిలబడి చూసుకోవాలి, ఆ రద్దీలో కొవ్వు, ఎముక ఎక్కువ పడతాయి. 2025లో ఇంకో మెలిక పడింది. ఛాడఖాయి నవంబరు 6, గురువారం. వాళ్లకి అప్పటికే మార్గశిరం వచ్చేసింది, మార్గశిర గురువారం అంటే లక్ష్మీపూజ. ఛాడఖాయి అంటే పూర్ణిమ మర్నాడే అయినా, అందుకే మా మెస్సులో మాంసం శుక్రవారానికి జరిగింది.

ఆ శుక్రవారం వెళ్తే వంటింట్లో ఉన్నవి మేకమాంసం, అన్నం, పులుసులోంచి తీసిన బంగాళదుంపలు. పప్పు కూడా పెట్టలేదు. శాకాహారం కూపన్ ఇచ్చి, మాకు ఇంకా కార్తీకం అయిపోలేదని చెప్పాను. మా ఇంట్లో పోలి వెళ్లేదాకా ముట్టం. గరిటె మళ్లీ గాల్లోకి లేచింది. “నెల కిందట గుడ్డు కోసం పేచీ పెట్టింది నువ్వే కదా! ఇవాళ ఊరంతా తింటుంటే నీకు కార్తీకం వచ్చిందా?” అదే బల్ల, అదే కుర్రాళ్లు, అదే నవ్వు. బంగాళదుంపలు కడిగి పెట్టమంటావా అని కూడా అడిగాడు. పెరుగన్నం తిని వచ్చేశాను. భక్తి లేదని ఒకసారి, భక్తి ఎక్కువైందని ఒకసారి, ఒకే మనిషి చేత మాట పడటం వేరే ఊళ్లో సాధ్యం కాదనుకుంటాను. అందులో ఒడియావాళ్ల తప్పేం లేదు. నాకు ఇల్లు అద్దెకిచ్చినవాళ్లు ఒడియావాళ్లే, ఆ గురువారం మండా, కాకరా పిఠాలు (తీపి పిండివంటలు) పంపారు, అడిగి మరీ. తప్పు, రెండు భాషల ఊళ్లో మెస్సు పెట్టి ఒకే పంచాంగం గోడకి తగిలించుకున్నవాడిది.

కొత్తగా వచ్చేవాళ్లు మెస్సుకి డబ్బు కట్టేముందు ఇవి అడగండి. కుమార పూర్ణిమ నుంచి నీచు రేటు తగ్గిస్తారా? కార్తీక పూర్ణిమ తర్వాత పదిహేను రోజులు శాకాహారం విడి గిన్నెలో వండుతారా? వాడని కూపన్లు వచ్చే నెలకి చెల్లుతాయా? ప్రతి నెలా సంక్రమణం రోజున, గ్రహణం రోజున పొయ్యి వెలిగిస్తారా? నోటితో చెప్పించుకోకండి, కూపన్ పుస్తకం వెనక రాయించుకోండి. నెలకొకసారి కాకుండా పక్షానికి కట్టించుకునే మెస్సు దొరికితే వంద ఎక్కువైనా అందులో చేరండి.

చేపల గురించి ఒక మాట. గోపాల్‌పూర్ పక్కనే ఉంది కదా, సముద్రం చేప రోజూ దొరుకుతుందనుకోకండి. మెస్సుల్లో పెట్టే రోహు, బొచ్చె ఎక్కువగా మన ఆంధ్రా చెరువుల్లోంచి ఐసు పెట్టెల్లో లారీ మీద వచ్చేవే. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరంలో మరపడవల వేట నిషేధం, అప్పుడు సముద్రం చేప పేరు చెప్పి పెట్టేదాన్ని నమ్మొద్దు. ఆ కాలంలో పఖాళ, అంటే నీళ్లు పోసిన అన్నం, తినండి. పెరుగు వేసింది, ఊరబెట్టింది రెండు రకాలూ ఉంటాయి, వడియాల పొడి, ఆకుకూర వేపుడు పక్కన పెడతారు. ఊరబెట్టింది మధ్యాహ్నం రెండు లోపలే, తర్వాత పులుపు ముదురుతుంది.

డిసెంబరు నుంచి మెస్సు మారాను. ఇది ఇద్దరు అక్కచెల్లెళ్లు నడిపేది, చిన్నది, పక్షానికి కడితే చాలు. చేరిన రోజే అడిగితే పెద్దావిడ పుస్తకం నా ముందుకి తోసి, “నువ్వే రాయి బాబూ, నాకు మీ తిథులు గుర్తుండవు” అంది. ‘దీపావళి మర్నాటి నుంచి పోలి పాడ్యమి దాకా నీచు లేదు, అంతకుముందు పదిహేను రోజులు గుడ్డు విడిగా’ అని ఒడియాలో రాసి ఇచ్చాను. పాత మెస్సువాడి దగ్గర నా కూపన్లు ఇంకా మిగిలే ఉన్నాయి, డబ్బు ఇవ్వనంటున్నాడు, నేను అడగడం మాననంటున్నాను.