మంగళవారం, లేజర్‌కి కొత్త ట్యూబు

మాది హ్యాకర్‌స్పేస్, అంటే పనిముట్లు పంచుకుని ఎవరికి తోచినవి వాళ్ళు చేసుకునే ఉమ్మడి వర్క్‌షాపు. మంగళవారం సాయంత్రం ఎవరైనా రావచ్చు. మిగతా రోజుల్లో తాళంచెవి ఉన్న సభ్యులు వీలున్నప్పుడు వచ్చి ఎవరి పని వాళ్ళు చూసుకుని పోతారు. మంగళవారమే ఎందుకని కొత్తవాళ్ళు అడుగుతుంటారు. 2007 డిసెంబర్లో బెర్లిన్‌లో కేయాస్ కంప్యూటర్ క్లబ్ అనే జర్మన్ హ్యాకర్ల సంఘం వార్షిక సభలో యెన్స్ ఓలిగ్, లార్స్ వైలర్ అనే ఇద్దరు, హ్యాకర్‌స్పేస్ పెట్టాలనుకునేవాళ్ళకి పనికొచ్చే కిటుకులన్నీ ఒకచోట చేర్చి చెప్పారు. అందులో ఇదొకటి. ఏ రోజు పెట్టినా ఎవరో ఒకరికి కుదరదు కాబట్టి, ఇక వాదన కట్టిపెట్టి మంగళవారం కలవండి అన్నారు. మేమూ అదే పట్టుకున్నాం. నాకైతే వారం మొత్తంలో ఆఫీసులో ఊపిరి సలపని రోజు మంగళవారమే. అయినా ఎప్పుడూ నోరెత్తలేదు. ఎత్తితే ఆ చర్చ ఇంకో ఏడాది సాగుతుంది.

ఇవాళ వెళ్ళేసరికే తలుపు దగ్గర పంచాయితీ నడుస్తోంది. మా తలుపు పక్కన గోడకి ఒక పెద్ద స్విచ్ ఉంది. ముందు వచ్చినవాళ్ళు దాన్ని పైకి, ఆఖరున వెళ్ళేవాళ్ళు కిందికి వెయ్యాలి. దాని వెనక ఈఎస్‌పీ8266 అనే చిన్న వైఫై బోర్డు కూర్చుని, స్పేస్ తెరిచి ఉందో మూసి ఉందో, హ్యాకర్‌స్పేస్‌లు ఇందుకే వాడే స్పేస్ఏపీఐ పద్ధతిలో, నెట్ ద్వారా బయటికి చెబుతూ ఉంటుంది. ఇంట్లో ఉన్నవాళ్ళు ఫోన్లో చూసుకుని బయల్దేరవచ్చు. నిన్న రాత్రి ఎవరో స్విచ్ దించకుండా వెళ్ళిపోయారు. తెరిచే ఉందనుకుని మధ్యాహ్నం ఒకాయన రావడం, మూసిన తలుపు చూసి వెనక్కి పోవడం జరిగింది. సాయంత్రం మళ్ళీ వచ్చారు, పాపం. దెబ్బలాడతారేమో అనుకున్నాం. ఆయన మాత్రం ఉపాయంతో వచ్చారు.

“లోపల లైట్లు ఆరిపోతే స్విచ్ ఎలా ఉన్నా మూసినట్టే లెక్క కదండీ? ఒక లైట్ సెన్సర్ కలిపితే సరిపోతుంది.”

“బాగుందండీ, మీరే కలపండి” అన్నాం అందరం ఒక్కసారే.

ఇక్కడ ఎవరు చెబితే వాళ్ళ నెత్తినే పడుతుంది పని. ఎవరి అనుమతీ అక్కర్లేదు, ఎవరి వెనకా దాక్కోవడానికీ లేదు. అసలు ఆ పని కూడా పెద్దదేం కాదు. ఈఎస్‌పీ8266కి ఉన్నదే ఒక్క ఎనలాగ్ పిన్, మాది ఖాళీగానే ఉంది. వెలుతురుని పసిగట్టే ఎల్‌డీఆర్ ఒకటి, రెసిస్టర్లు ఒకటి రెండు, నాలుగు లైన్ల కోడ్. ఆయన అప్పటికే డబ్బాలు వెతకడం మొదలుపెట్టారు. మా డబ్బాల్లో రెసిస్టర్ దొరికితే ఆ మనిషి అదృష్టవంతుడే. 10 కిలోఓమ్ అని రాసి ఉన్నదాంట్లో డయోడ్లు ఉంటాయి.

లోపల బోర్డు మీద ఈ వారం విశేషాలు రాసి ఉన్నాయి. త్రీడీ ప్రింటర్‌కి నాజిల్ మార్చారు. ఆసిలోస్కోప్ ప్రోబ్ ఒకటి కనబడటం లేదు, పట్టుకెళ్ళినవారు దయచేసి తిరిగి పెట్టగలరు. శనివారం తాళంచెవి లేకుండా తాళాలు తీయడం నేర్పే క్లాసు. ఈ చివరిది చూసి కొత్తవాళ్ళు కాస్త అనుమానంగా ముఖం పెడతారు గానీ, నేర్పే మాస్టారు మొదట చెప్పించేదే రెండు కట్టుబాట్లు: నీది కాని తాళం యజమాని ఒప్పుకోకుండా ముట్టవద్దు, వాడుకలో ఉన్న తాళం అసలే ముట్టవద్దు. కింద ఎర్ర అక్షరాలతో అసలు వార్త: లేజర్ కట్టర్‌కి కొత్త ట్యూబు వచ్చింది, సర్దాలి, చేతులు కావలెను.

నా కీబోర్డు సోల్డరింగ్ ముగించుకుందామని వెళ్ళినవాణ్ణి, ఆ బోర్డు చూశాక బ్యాగు కూడా తెరవలేదు.

మాది కార్బన్ డయాక్సైడ్ లేజర్. గాజు ట్యూబులో పుట్టిన కిరణం మూడు అద్దాల మీద పడి తిరిగి, చివర లెన్స్‌లోంచి కిందికి దిగుతుంది. ట్యూబు మార్చడం కష్టం కాదు. అద్దాలు సరిచేయడమే ఓపికతో పని. ఈ కిరణం తరంగదైర్ఘ్యం 10.6 మైక్రోమీటర్లు. మన కంటికి ఆనేది 0.7 దాకానే. అంటే కిరణం ఎటు పోతోందో చూసే వీలు లేదు, అది కాల్చిన చోటే చూడాలి. కనబడదు కదా అని చెయ్యి అడ్డం పెడితే మాత్రం బాగా తెలుస్తుంది. అందుకని, మూత తెరిస్తే లేజర్‌ని ఆపేసే సెన్సర్‌ని కట్టేసి పని చేద్దామనే మాట వస్తే మా పెద్దాయన ఒప్పుకోరు. ఆయన రిటైరైన ఇంజినీరు. లేజర్ దగ్గర ఆయన మాటే చెల్లుతుంది.

రెండో అద్దం మీద మాస్కింగ్ టేప్ ముక్క అంటించాం. గాంట్రీని, అంటే ఆ అద్దాన్ని మోస్తూ పట్టాల మీద జరిగే అడ్డకమ్మీని, మొదటి అద్దం దగ్గరికి తెచ్చి, మూత వేసి, ఒక్క క్షణం పల్స్ కొట్టాం. టిక్ మని చప్పుడు, సన్నగా పొగ. మూత తీసి చూస్తే టేప్ మీద ఆవగింజంత గోధుమరంగు మచ్చ. ఇప్పుడు గాంట్రీని దూరానికి జరిపి మళ్ళీ ఒక పల్స్. రెండో మచ్చ మొదటిదాని మీదే పడితే అద్దం సరిగ్గా ఉన్నట్టు. మాది వేలెడంత ఎడంగా పడింది. అప్పుడు మొదటి అద్దం వెనకున్న మూడు మరల్లో ఒకదాన్ని వెంట్రుకవాసి తిప్పాలి, కొత్త టేప్, మళ్ళీ దగ్గర, మళ్ళీ దూరం. ఎక్కడ తిప్పితే ఎటు జరుగుతుందో మొదట్లో బుర్రకెక్కదు. కాసేపటికి చేతికే తెలిసిపోతుంది. పెద్దాయన చూపు అంతా మచ్చ ఆకారం మీదే.

“గుండ్రంగా లేదు చూడు, ఓ పక్క చెదిరింది. అద్దం అంచుకి తగులుతోంది. మచ్చ ఎక్కడ పడిందని కాదు, ఎలా పడిందని చూడాలి నాయనా.”

నిజమే. రెండు మచ్చలు కలిశాయని నేను సంబరపడుతుంటే, ఆయన ట్యూబునే కాస్త పైకి లేపించారు. దాంతో చేసిన సర్దుబాటంతా మొదటికొచ్చింది. అలా రెండో అద్దం, మూడో అద్దం ముగిసి, మెషీన్‌లో వస్తువు పెట్టి కోసే బల్ల నాలుగు మూలల్లోనూ మచ్చ ఒకేచోట పడేసరికి చెత్తబుట్టలో టేప్ ముక్కలు కుప్పయ్యాయి. ఇంత విసుగు పుట్టించే పని చుట్టూ అంతమంది ఎందుకు మూగుతారో నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. ఒంటరిగా ఇంట్లో అయితే నేను దీన్ని ఎప్పుడో వదిలేసేవాణ్ణి. పక్కన నలుగురు “కొంచెం ఎడమకి, కొంచెం ఎడమకి” అంటుంటే వదలబుద్ధి కాదు.

సరిగ్గా అప్పుడే ఒక అమ్మాయి చుట్ట చుట్టిన ఎర్రటి షీటు ఒకటి పట్టుకుని వచ్చింది. కాలేజీ పిల్ల. స్నేహితులకి పర్సులు కుట్టి ఇస్తుందట, ముక్కలు లేజర్‌తో కోస్తే అంచులు తీరుగా వస్తాయని.

“అన్నా, ఇది లెదరే. కోయొచ్చా?”

“లెదరా, రెగ్జినా?”

“షాపతను లెదర్ అనే అన్నాడన్నా.”

మెషీన్ పైన గోడకి ఏడాదిగా ఒక కాగితం వేలాడుతోంది. పీవీసీ, రెగ్జిన్, వినైల్ పెట్టరాదు అని. దాన్ని చదివినవాణ్ణి నేను ఇంతవరకూ చూడలేదు. “వద్దు” అని ఊరుకుంటే ఆ పిల్ల మరో రోజు మేం లేనప్పుడు వచ్చి కోసేస్తుంది. ఆ సంగతి తెలిసే కాబోలు, పెద్దాయన ఏమీ అనకుండా డ్రాయర్లోంచి ఒక రాగి తీగ, చిన్న గ్యాస్ టార్చ్ తీశారు. కిటికీ తెరిపించి, ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేయించి, ఆ అమ్మాయి చేతికే తీగ చివరున్న చెక్క పిడి ఇచ్చారు. ముందు ఒట్టి తీగని మంటలో పెట్టమన్నారు. ఎర్రగా కాలింది, మంటకి రంగేమీ రాలేదు. ఆ వేడి తీగని ఆ షీటు మూలకి తాకిస్తే, కరిగి కొంచెం అంటుకుంది. “ఇప్పుడు మళ్ళీ మంటలో పెట్టమ్మా.”

మంట భగ్గున పచ్చబడింది. ఆకుపచ్చ అంటే లేతగా కాదు, ట్రాఫిక్ లైటంత పచ్చ.

ఆ రంగు రాగి, క్లోరిన్ కలిస్తే వచ్చేది. బైల్‌స్టైన్ పరీక్ష అంటారు దీన్ని, 1872 నాటిది. అంటే అది లెదర్ కాదు, పీవీసీ పూసిన రెగ్జిన్. పీవీసీ బరువులో సగానికి పైగా క్లోరినే. లేజర్ తగలగానే అది హైడ్రోజన్ క్లోరైడ్ వాయువై లేస్తుంది. గాలిలో తడి తగిలితే ఆమ్లం. ఊపిరితిత్తుల మాట అలా ఉంచితే, మెషీన్‌లో పట్టాలు తుప్పు పడతాయి, అద్దాలు, లెన్స్ పాడవుతాయి. మేం ఇంతసేపూ చెమటోడ్చి సర్దినవి ఆ అద్దాలే. తర్వాత పోలిక కోసం యాక్రిలిక్ ముక్కతోనూ చేసి చూపించారు. మామూలు పసుపు మంటే వచ్చింది. ఆ అమ్మాయి తన బ్యాగు పట్టీ, ఫోన్ కవర్ అంచు, చివరికి చెప్పు కూడా పరీక్షిస్తానని బయల్దేరింది. చెప్పు దగ్గర మేమే ఆపాం.

నాకు నచ్చింది ఏమిటంటే, ఆ సాయంత్రానికి ఆ కాగితం ఎవరూ చదవకపోయినా ఆ నియమం మాత్రం గదిలో అందరికీ తెలిసిపోయింది. తర్వాత వచ్చినవాళ్ళకి ఆ అమ్మాయే చెబుతోంది, మంట రంగుతో సహా. పర్సులకి మాత్రం కత్తి, స్టీలు స్కేలే గతి అయ్యాయి. అంచులు తీరుగానే వచ్చాయి.

ఇవతల సోల్డరింగ్ బల్ల దగ్గర అక్క ఒకావిడ పిల్లలిద్దరికి బ్లింకింగ్ బ్యాడ్జీ చేయిస్తోంది. రోజూ వినే పాఠమే: సోల్డర్ తీగని ఐరన్‌కి కాదు, బోర్డు మీది ప్యాడ్‌కి ఇవ్వాలి, ప్యాడూ పార్టు కాలూ రెండూ వేడెక్కితే అదే పారుతుంది. 63 పాళ్ళు తగరం, 37 పాళ్ళు సీసం ఉన్న సోల్డర్ 183 డిగ్రీల దగ్గర కరుగుతుంది. పిల్లలకిచ్చింది సీసం లేని రకం, అది ఇంకా ఎక్కువ వేడి అడుగుతుంది, అందుకే వాళ్ళకి కొంచెం చిరాకు. నేను కాసేపు నిలబడి చూసి వచ్చేశాను.

ఎనిమిదింటికి మీటింగ్. అజెండాలో ఉన్నది ఒకటే: వెనక గదిలో అల్మారా. అందులో సగం అయిన డ్రోను, మూడు కాళ్ళ రోబో, ట్రెడ్‌మిల్ మోటారు, ఎవరివో తెలియని ప్రింటర్లు, “ఎప్పటికైనా పనికొస్తుంది” అనే కోవలో రకరకాల వైర్లు. కొత్తగా చేరినవాళ్ళకి తమ డబ్బా పెట్టుకోవడానికి జానెడు చోటు లేదు. అన్నీ తీసి పారేద్దామని ఒక వర్గం. పాత ప్రింటర్లో స్టెప్పర్ మోటార్లు, నున్నటి స్టీలు కడ్డీలు ఉంటాయి, పారేయడం పాపం అని ఇంకో వర్గం. ఎవరో శాన్‌ఫ్రాన్సిస్కోలోని నాయిస్‌బ్రిడ్జ్ అనే హ్యాకర్‌స్పేస్ సంగతి ఎత్తారు. అక్కడ అందరూ ఒప్పుకుంటేనే నిర్ణయం, ఒక్క సభ్యుడు గట్టిగా కాదంటే ఆగిపోతుంది. ఒకరితో ఒకరు గొప్పగా మసలుకోండి అనేది వాళ్ళ మూలసూత్రం. వినడానికి బాగుంటుంది. మా అల్మారాకి ఆ పద్ధతి పెడితే ట్రెడ్‌మిల్ మోటారు మా మనవల దాకా అక్కడే ఉంటుంది. నేను పారేద్దామనే వర్గమే. ప్రింటర్ పనికొస్తుందనేవాళ్ళు ఆ కడ్డీలు ఇవాళే విప్పి తీసుకోవాలి, మిగతాది పోవాలి. అల్మారా సంగతి తేల్చడానికీ ఒక రాగి తీగ ఉంటే బాగుండు అనిపించింది గానీ, పనికొచ్చేదాన్నీ పనికిరానిదాన్నీ విడదీసే మంట ఏదీ లేదు కదా.

చివరికి చేతులెత్తించారు. ప్రతి వస్తువు మీద పేరు, తేదీ రాసి ఉండాలి. నెల దాటినవి, పేరు లేనివి తలుపు దగ్గరి పెట్టెలోకి పోతాయి, కావలసినవాళ్ళు పట్టుకుపోవచ్చు. లేబుల్ ప్రింటర్లో రోల్ అయిపోయిందని మాస్కింగ్ టేప్ ముక్కల మీదే రాసి అంటించారు. ప్రింటర్ల వర్గం ఆ రాత్రే స్క్రూడ్రైవర్లు పట్టుకుని కింద కూర్చుంది. ట్రెడ్‌మిల్ మోటారుని ఎవరూ మాదే అనలేదు, అయినా పెట్టెలో వేస్తుంటే ఇద్దరు ఒకేసారి “ఉంచండి, ఉంచండి” అన్నారు.

కొత్త ట్యూబుకి పాత లెక్కలు పనికిరావు. వచ్చే మంగళవారం 3 మిల్లీమీటర్ల యాక్రిలిక్, 5 మిల్లీమీటర్లది, ప్లైవుడ్, అట్ట, అసలు తోలు, ఒక్కోదాన్ని రకరకాల వేగాలతో, పవర్‌తో కోసి పట్టిక తయారుచేసి మెషీన్ పక్కన తగిలించాలి. పెద్దాయన ఆ పని నాకు అప్పగించారు. మిగిలిన ముక్కలు ఎవరి దగ్గరైనా ఉంటే తెండని ఇంటికొచ్చాక గ్రూపులో పెట్టాను. ప్లైవుడ్ తెస్తామని ఇద్దరన్నారు. తోలు ఇంకా ఎవరూ అనలేదు.