డిజిటల్ సార్వభౌమత్వం: సర్వర్ దగ్గరే ఆగిపోకండి

మెయిన్స్‌కి చదివేవాళ్లు చాలామంది డిజిటల్ సార్వభౌమత్వాన్ని, అంటే తన డేటా, నెట్‌వర్కుల మీద దేశానికి ఉండే అదుపుని, డేటా లోకలైజేషన్‌తో మొదలుపెట్టి అక్కడే ముగించేస్తారు. 'మన డేటా మన దేశంలోనే ఉండాలి' అని నాలుగు వాక్యాలు రాస్తే మార్కులు రాలవు. నేనైతే నోట్స్‌లో ప్రతి ఉదాహరణ పక్కనా ఒకే ప్రశ్న రాసుకునేదాన్ని: ఈ డేటా మీద ఎవరి మాట చెల్లుతుంది?

ఈ ప్రశ్న పెట్టుకుని అమెరికా 2018లో తెచ్చిన క్లౌడ్ యాక్ట్ చదవండి. తమ చట్టం పరిధిలోకి వచ్చే కంపెనీ దగ్గరున్న డేటా ఏ దేశపు సర్వర్‌లో ఉన్నా సరే, వారెంట్ ఇచ్చి అడగొచ్చంటుంది. ఓ చిన్న దేశం పట్టుబట్టి సర్వర్లని తన గడ్డ మీదే పెట్టించుకున్నా, నడిపేది ఆ కంపెనీయే అయితే సగం పనే అయినట్టు. అదే ఏడాది మన రిజర్వ్ బ్యాంక్ చెల్లింపుల డేటాని దేశంలోనే ఉంచమంది. పర్యవేక్షణకు అది బాగా పనికొస్తుంది. అంతకు మించి ఎంత దూరం వెళ్తుందో ఇప్పుడు మీరే రాయగలరు.

చట్టాలే కాదు, తీగలు కూడా చూడాలి. 2024 మార్చిలో ఐవరీ కోస్ట్ తీరం దగ్గర సముద్రగర్భ కేబుళ్లు దెబ్బతిని పశ్చిమ ఆఫ్రికాలో చాలా దేశాలకు ఇంటర్నెట్, బ్యాంకు సేవలు అందలేదు. దీనికి ఎదురుగా యూపీఐనీ, బ్రెజిల్ కేంద్ర బ్యాంకు 2020లో తెచ్చిన అలాంటి తక్షణ చెల్లింపుల వ్యవస్థ పిక్స్‌నీ పెట్టండి. చెల్లింపుల దారి సొంతంగా వేసుకోవడం వర్ధమాన దేశాలకీ సాధ్యమేనని వాటితో తేలుతుంది. వాణిజ్య కోణానికి ఒక్క ముక్క చాలు: డేటా దేశాల మధ్య స్వేచ్ఛగా పారాలంటూ 2019 జీ20 సదస్సులో వచ్చిన ఒసాకా డిజిటల్ ప్రకటన మీద భారత్, ఇండోనేషియా, దక్షిణాఫ్రికా సంతకం చేయలేదు.

నా ఆన్సర్లు దిద్దిన సీనియర్ ఒకాయన మార్జిన్‌లో "ఎవరి సార్వభౌమత్వం? ప్రభుత్వానిదా, పౌరుడిదా?" అని రాశారు. డేటా దేశంలోనే ఉంటే సొంత ప్రభుత్వం తొంగిచూడటమూ తేలికే కదా! అందుకే గోప్యత ప్రాథమిక హక్కన్న 2017 సుప్రీంకోర్టు పుట్టస్వామి తీర్పుని, ప్రభుత్వ సంస్థలకు మినహాయింపులిచ్చే వీలున్న 2023 డేటా రక్షణ చట్టాన్ని పక్కపక్కనే పెట్టి చదవండి. ఈ ఆన్సర్‌కి ప్రాణం ఇక్కడే ఉందని నా అభిప్రాయం.

ముగింపులో 'సమతుల్యత అవసరం' అని చేతులు దులుపుకోకండి. చిన్న దేశాలు ఒక్కొక్కటిగా పెద్ద కంపెనీలతో బేరమాడలేవు, కలిసి అడగాలి అని రాయండి. అదీ అంత సులువేం కాదు: సైబర్ భద్రత, వ్యక్తిగత డేటా రక్షణ మీద ఆఫ్రికన్ యూనియన్ 2014లో ఆమోదించిన మలాబో ఒప్పందం, కావాల్సిన 15 దేశాల ధ్రువీకరణ దొరికి అమల్లోకి వచ్చేసరికి 2023 అయింది.