హోలీరూడ్ తాత, మావాడి ‘పెందలాడే’

లైబ్రరీ నుంచి తెచ్చిన ఎడిన్‌బరా పుస్తకంలో ఒక బొమ్మ దగ్గర మా తొమ్మిదేళ్లవాడు ఆగిపోయాడు. ఫ్రెంచి రాజు పదహారో లూయీ తమ్ముడు, ఆర్త్వా ప్రభువు. 1796లో మేముండే ఈ ఊళ్లోనే, ఆయన హోలీరూడ్ ప్యాలెస్‌లో ఉన్నప్పుడు వేసిన తైలవర్ణ చిత్రం. వేసిన చిత్రకారుడు డాన్లూ కూడా ఫ్రెంచి విప్లవానికి భయపడి దేశం వదిలొచ్చినవాడే. బొమ్మలో ఆ ప్రభువు దర్జా చూస్తే పీకలదాకా అప్పుల్లో ఉన్నాడని ఎవరూ అనుకోరు.

"ప్యాలెస్‌లో ఉండేవాళ్లకి అప్పులేంటి నాన్నా?"

అప్పులుండబట్టే ప్యాలెస్‌లో ఉన్నాడ్రా అన్నాను. హోలీరూడ్ హద్దు దాటనంతవరకు అప్పులవాళ్లు పట్టుకోవడానికి లేదు. ఆదివారం మాత్రం ఊళ్లో తిరగొచ్చు, ఆ రోజు అప్పులకి అరెస్టులుండవు. హద్దుకి గుర్తుగా రాయల్ మైల్ అనే వీధి చివర రోడ్డు మీద ఇత్తడి ‘ఎస్’ అక్షరాలు ఇప్పటికీ ఉన్నాయి. శనివారం తీసుకెళ్తే, మావాడు అక్షరానికి అటో కాలు ఇటో కాలు వేసి నిలబడ్డాడు. "ఇప్పుడు పట్టుకుంటారా, పట్టుకోరా?" అప్పటికే వాన మొదలైంది. ఇంటి లోను కడుతున్న నాకు ఆ హద్దు మీద కాస్త ఆశ పుట్టిన మాట నిజం.

నన్ను పట్టుకున్నది మాత్రం మనవడి కథ. ఆర్త్వా 1824లో రాజయ్యాడు, 1830లో గద్దె పోయి మళ్లీ హోలీరూడే చేరాడు. ఈసారి వెంట పదేళ్ల మనవడు ఆన్రీ. ఆ పిల్లాడు ఉన్నది పరాయి దేశాల్లో, పెరిగింది తాత చెప్పిన ఫ్రాన్స్‌లో. 1873లో గద్దె చేతికందేదాకా వచ్చింది. విప్లవం తెచ్చిన ఫ్రాన్స్ మూడు రంగుల జెండా ఒప్పుకుంటే చాలు. కాదు, మా వంశం తెల్ల జెండానే ఎగరాలన్నాడు. గద్దె పోయింది.

ఎంత మొండివాడో అని నవ్వబోయి ఆగాను. పోయిన వేసవిలో విజయవాడ వెళ్లినప్పుడు మావాడు "నేను పెందలాడే పడుకుంటా" అన్నాడు. మా అన్నయ్య పిల్లలు పడీపడీ నవ్వారు. "బాబాయ్, వీడేంటి అచ్చం నాయనమ్మలా మాట్లాడుతున్నాడు!" వాళ్లయితే ‘ఎర్లీగా’ అంటారు. నేను 2007లో సూట్‌కేసులో సర్దుకొచ్చిన తెలుగు అది. ఆ ఇంట్లో అది ఎప్పుడో మారిపోయింది, నాకెవరూ చెప్పలేదు.

ఇప్పుడు ఫోన్‌లో అన్నలతో ‘ఎర్లీగా’ అంటాడు, నాయనమ్మతో ‘పెందలాడే’ అంటాడు. నేను పక్కనుంటే ఓసారి నా మొహం చూసి, అప్పుడు అంటాడు.