ఇత్తడి సుత్తి

నిన్న రాత్రి లేత్ (లోహాన్ని తిప్పుతూ చెక్కే యంత్రం) మీద సొంతంగా ఇత్తడి సుత్తి చేసుకున్నాను. రాణీగంజ్‌లో కొన్న 32 ఎంఎం రాడ్డు ముక్క. లేత్ పనికి అమ్మే ఈ రకంలో సుమారు 3 శాతం సీసం ఉంటుంది. అందుకే చెక్కుతుంటే ఉక్కులా పొడవాటి చుట్టలు రావు, బంగారు రవ్వలా రాలుతుంది. కూలెంట్ (చెక్కేటప్పుడు చల్లబరిచే ద్రవం) అవసరమే పడలేదు.

పిడికి రంధ్రం వేసేటప్పుడు మాత్రం డ్రిల్ బిట్ ఒక్కసారిగా లోపలికి లాక్కుంది. గుండె ఆగినంత పనైంది! బిట్ అంచుల్ని నూనెరాయి మీద కాస్త చదును చేశాక హాయిగా దిగింది.

ఇవాళ గ్రైండింగ్ చేసిన ఉక్కు దిమ్మెను మిల్లింగ్ వైస్‌లో (మిల్లింగ్ యంత్రం మీద ముక్కను బిగించే పట్టులో) ఈ సుత్తితోనే తట్టి కూర్చోబెట్టాను. దిమ్మె మీద ఒక్క గాటు లేదు. సొట్టలన్నీ సుత్తికే. చూస్తుంటే ముద్దొస్తోంది.