పుల్ల విరగలేదు, అతుకు ఊడింది

బకెట్లో ఇంకో డబ్బా ఇసుక పోయగానే వంతెన టప్‌మని కూలింది. తిరుపతిలో, యూనివర్సిటీ ఇంజనీరింగ్ కాలేజీ. ఇంజనీర్స్ డే, బడి పిల్లలకు ఐస్‌క్రీమ్ పుల్లల వంతెనల పోటీ. ముక్కలు ఏరి చూస్తే ఒక్క పుల్లా విరగలేదు. అతుకు ఊడింది.

"సార్, ఇంగో రోజు ఆరబెట్టుంటే నిలిచేదా?"

నిలిచేదే! ఫెవికాల్ అరగంటలో పట్టినట్టే ఉంటుంది, పూర్తి బలానికి దాదాపు ఒక రోజు కావాలి. పల్చగా రాసి, బట్టల క్లిప్పు పెట్టి రాత్రంతా వదిలేయాలి. మందంగా పూస్తే లోపలి తడి ఆరదు.

పక్క బల్ల మీది వంతెన ఎంత బాగుందో! అన్నీ త్రిభుజాలే. చతురస్రం మూలల దగ్గర తిరిగి ఒరిగిపోతుంది. త్రిభుజం ఒరగాలంటే ఏదో ఒక భుజం పొడవు మారాలి. పై వరుస పుల్లలకు మధ్యలో ఆసరా కూడా ఇచ్చారు. నొక్కుడు పడితే పొడవాటి సన్న పుల్ల నలిగేలోపే పక్కకు వంగిపోతుంది. ఆసరా లేని పొడవును సగం చేస్తే, వంగకుండా మోసే బరువు నాలుగింతలవుతుంది. తొమ్మిదో తరగతికే ఇది తట్టిందంటే ఎంత సంతోషమో.

విశ్వేశ్వరయ్య గారి ఫొటోకు దండ వేశారు, మంచిదే. 1908 మూసీ వరద తర్వాత ఆయన చెప్పిన ఉపాయం కూడా పిల్లలకు చూపించాలి: ఎగువన జలాశయాల్లో వరదను పట్టి, మెల్లగా వదలడం. ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ అలా వచ్చినవే. పిల్లలకు ఇది చూపించడానికి రెండు తొట్లు, ఒక సన్న పైపు చాలు.

నిర్వాహకులకు ఒక్క మాట. కూలిన ముక్కలు ఊడ్చేయకండి. ఏ అతుకు ముందు పోయిందో పిల్లల చేతే రాయించి, దానికీ మార్కులివ్వండి.